వైరస్ మీ ల్యాబు నుంచే వచ్చిందంటే ఏం చూపిస్తారు?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఆక్వా ల్యాబుల్లో, ఆస్పత్రి ల్యాబుల్లో పనిచేసేవారికి ఒక సమగ్ర మార్గదర్శి

అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటలున్న ఏ ఊళ్లోనైనా ఈ గొడవ చూసే ఉంటారు. రొయ్య పిల్ల వేసి నెలన్నర దాటుతుంది. రొయ్యలు మేత మానేసి గట్టు వారకు చేరతాయి. తల పెంకు ఒలిచి వెలుతురుకు పెడితే తెల్లమచ్చలు. వైరస్ ఎక్కడి నుంచి వచ్చింది? రైతు హేచరీని అంటాడు. హేచరీవాళ్లు కాలువ నీళ్లను, పీతలను, పక్క గుంటలో చచ్చిన రొయ్యను ఎత్తుకొచ్చి పడేసిన కాకిని చూపిస్తారు. చివరికి ఇద్దరూ కలిసి, పిల్లలో వైరస్ జన్యువు ఉందో లేదో పరీక్షించే పీసీఆర్ ల్యాబు మీదికి వస్తారు. "నెగెటివ్ అని రాసిచ్చావే తమ్ముడూ, ఇప్పుడేం చెప్తావ్?"

కోవిడ్ పుట్టుక గురించి 2020 నుంచి ప్రపంచమంతా పడుతున్న గొడవ కూడా దాదాపు ఇలాంటిదే. వూహాన్‌లోని హువానన్ మార్కెట్లో అమ్మిన జంతువుల నుంచి వచ్చిందా, అదే ఊళ్లోని వైరాలజీ ల్యాబు నుంచి వచ్చిందా? ఇంతమంది శాస్త్రవేత్తలు తలలు బద్దలు కొట్టుకున్నా తేలకపోవడానికి పెద్ద కారణం తొలి రోజుల శాంపిల్స్, రికార్డులు చేతిలో లేకపోవడం. ల్యాబు భద్రతలో రెండు పనులుంటాయి. వైరస్‌ను బయటికి పోనివ్వకపోవడం మొదటిది. పోలేదని తర్వాత ఎవరడిగినా చూపించగలగడం రెండోది. మొదటిదానికి మనవాళ్లు అంతో ఇంతో ఖర్చు పెడతారు. రెండోదానికి ఒక నోటుబుక్కు, ఒక ఫ్రీజరు అర చాలు, అయినా అదే వదిలేస్తారు. డీఎంఎల్‌టీ, మైక్రోబయాలజీ, ఫిషరీస్ చదివి ఇక్కడి ల్యాబుల్లో చేరిన కుర్రాళ్లు, అమ్మాయిలు మొదటి నెలలోనే ఈ అడుగులు వేసేయాలని రాస్తున్నాను.

1వ అడుగు: ల్యాబులో ఏముందో కాగితం మీద పెట్టండి

బయోసేఫ్టీ లెవెల్స్ నాలుగని పరీక్షకు చదివే ఉంటారు. జబ్బు చేయని సూక్ష్మజీవులకు ఒకటి, మామూలు ఆస్పత్రి శాంపిల్స్‌కు రెండు, టీబీ కల్చర్ లాంటి గాలి ద్వారా సోకే వాటికి మూడు, ఎబోలా, నిపా లాంటి వాటికి నాలుగు. మన దేశంలో పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీలో నాలుగో స్థాయి ల్యాబు ఉంది. ఇంతవరకు అందరికీ తెలుసు. చాలామంది పట్టించుకోనిది ఏమిటంటే, ఈ అంకె సూక్ష్మజీవిని మాత్రమే చూసి వేసేది కాదు, దానితో మనం చేసే పనిని బట్టి కూడా మారుతుంది. కోవిడ్ స్వాబ్‌కు ఆర్‌టీ-పీసీఆర్ చేయడానికి రెండో స్థాయి సరిపోతుంది. అదే వైరస్‌ను కణాల్లో పెంచాలంటే మూడో స్థాయి కావాలి. 2020లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ బయోసేఫ్టీ మాన్యువల్ నాలుగో ముద్రణ అంకెల కన్నా పని వల్ల వచ్చే రిస్క్ చూడమని చెప్పింది.

కాబట్టి ఒక పేజీ గీసుకోండి. ఏ శాంపిల్ వస్తోంది, అందులో ఏముండొచ్చు, దానితో మనం ఏం చేస్తున్నాం, ఏ పనిలో తుంపర లేస్తుంది. వోర్టెక్స్ తిప్పినప్పుడు, సెంట్రిఫ్యూజ్ మూత తీసినప్పుడు, పిపెట్ గట్టిగా వదిలినప్పుడు, బిగుతు మూతను టక్కున లాగినప్పుడు కంటికి కనపడని తుంపర లేస్తుంది. ల్యాబుల్లో ఊపిరి ద్వారా సోకే జబ్బులకు ఎక్కువ దారి ఇదే.

ఆక్వా ల్యాబుల వాళ్లు ఇక్కడ ఒక మాట అంటారు: "తెల్లమచ్చ వైరస్ మనుషులకు రాదు కదా సార్, మాకెందుకివన్నీ?" నిజమే, మనుషులకు రాదు. కానీ మీ ల్యాబుకు కూతవేటు దూరంలో ఎన్ని గుంటలున్నాయో చూసుకోండి. ఆక్వా ల్యాబులో కాపాడాల్సింది ముందు ఆ గుంటల్ని. పైగా అక్కడ ప్లేట్ల మీద పెంచే విబ్రియో పారాహీమోలైటికస్ మనిషి పొట్టలోకి వెళితే విరేచనాలు పట్టుకుంటాయి.

వూహాన్ వాదనలో ఇదే చిక్కు కనిపిస్తుంది. "అది నాలుగో స్థాయి ల్యాబు, అక్కడి నుంచి రావడమేంటి" అని ఒక పక్షం మొదట్లో అనేది. ఆ ఊళ్లో నాలుగో స్థాయి ల్యాబు ఉన్నమాట నిజం. కానీ గబ్బిలాల కరోనా వైరస్‌లతో తమ పని రెండో, మూడో స్థాయి గదుల్లో జరిగిందని అక్కడి శాస్త్రవేత్తలే చెప్పారు. దాన్నిబట్టి లీకయిందని తేలిపోదు. భవనం మీద రాసిన అంకెను చూసి ఏదీ తేల్చలేమని మాత్రం తేలింది.

2వ అడుగు: నీళ్లు ఎటు పోతున్నాయో కనుక్కోండి

దీనికి ఒక పూట కేటాయించండి. సింకులో రంగు నీళ్లు పోసి అవి ఎక్కడ తేలతాయో నడిచి వెళ్లి చూడండి. మున్సిపాలిటీ డ్రైనులోకా, వెనక ఇంకుడు గుంతలోకా, పంట కాలువలోకా? అద్దె ఇంట్లో కింది గదిని ల్యాబుగా మార్చుకున్న చోట ఇంటి ఓనరుకు కూడా ఆ పైపుల సంగతి తెలియదు.

ఎందుకింతగా చెప్తున్నానంటే, ఒంగోలు జాతి పశువులున్న ఈ జిల్లాల్లో గాలికుంటు అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2007 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని సర్రేలో ఉన్నట్టుండి గాలికుంటు బయటపడింది. దగ్గర్లోనే పిర్‌బ్రైట్ అనే చోట ప్రభుత్వ పశువ్యాధుల పరిశోధన కేంద్రం, ఒక వ్యాక్సిన్ కంపెనీ ఒకే ఆవరణలో ఉండేవి. రెండింటి వ్యర్థ జలాలు ఒకే పాత పైపుల గుండా పోయేవి. ఆ పైపులు పగిలి కారుతున్నాయి. బాగు చేయించే ఖర్చు ఎవరిదన్న దగ్గర పని ఆగిపోయింది. ఆ వేసవిలో వానలు దంచికొట్టాయి, మట్టి నానింది, ఆవరణలో కట్టుబడి పనులకు వచ్చిన లారీల చక్రాలకు అంటుకున్న బురద రోడ్డెక్కింది. ఇలాగే వెళ్లి ఉండే అవకాశం ఎక్కువని విచారణలో తేలింది. నాలుగు గోడల మధ్య ఎన్ని జాగ్రత్తలున్నా వైరస్ నేల కిందనుంచి నడిచి వెళ్లింది.

అది ల్యాబు వైరస్సేనని ఎలా తెలిసింది? పశువుల్లో దొరికిన వైరస్ 1960ల నాటి రకం. అప్పటికి బయట ఎక్కడా తిరగడం లేదు, వ్యాక్సిన్ల కోసం ల్యాబుల్లోనే ఉంది. ఏ ల్యాబులో ఏ రకం ఉందో రాసిపెట్టుకున్నారు కాబట్టి పోల్చి చూడగలిగారు. పుట్టుక తేలిన కేసులన్నింట్లో ఇలాంటి ఆధారమే ఉంటుంది. చివర్లో వూహాన్ గురించి చదివేటప్పుడు దీన్ని గుర్తు పెట్టుకోండి.

మన దగ్గర చేయాల్సింది: రైతు తెచ్చిన సంచిలోని నీళ్లు, రొయ్య కడిగిన నీళ్లు నేరుగా సింకులో పోయొద్దు. మూత ఉన్న బకెట్ ఒకటి పెట్టి, అందులో హైపో (సోడియం హైపోక్లోరైట్ అనే బ్లీచ్ ద్రావణం) కలిపి, మొత్తం నీళ్లలో క్లోరిన్ 1 శాతం ఉండేట్టు చూసి అరగంట ఉంచాకే వదలండి. చచ్చిన రొయ్య ముక్కలకు మాత్రం ఈ మందు చాలదు. మాంసం క్లోరిన్‌ను తినేస్తుంది, లోపలి వైరస్ అలాగే ఉంటుంది. వాటిని ఆటోక్లేవ్ చేయాలి, అంటే పీడనంతో కూడిన ఆవిరిలో ఉడికించి క్రిములను చంపాలి. కుక్కలు, కాకులు లాగే చోట పడేస్తే మీ ల్యాబే ఊళ్లో వైరస్ పంచిపెడుతుంది.

నవంబరు సంగతి వేరే చెప్పాలా? 2015లో, 2021లో నెల్లూరు చూసిన వరదల్ని తలుచుకుని ఫ్రీజరు, శాంపిల్ డబ్బాలు, వ్యర్థాల సంచులు నేల మీద లేకుండా ఎత్తులో పెట్టించండి. ఈశాన్య రుతుపవనాలు మొదలవకముందే, అంటే అక్టోబరు మొదటి వారంలోనే ఆ పని అయిపోవాలి.

3వ అడుగు: క్యాబినెట్‌కూ లామినార్‌కూ తేడా తెలుసుకోండి

చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. రెండింట్లోనూ గాలిలోని సన్న కణాలను వడకట్టే హెపా ఫిల్టరుంటుంది. లామినార్ బల్ల శుభ్రమైన గాలిని మీ ముఖం వైపు ఊదుతుంది. మీడియా (సూక్ష్మజీవులను పెంచే ఆహారం) పోసుకోవడానికి అది బాగుంటుంది. అందులో రోగి శాంపిల్ తెరిచారంటే తుంపర సూటిగా మీ ముక్కులోకే వస్తుంది. క్లాస్-2 బయోసేఫ్టీ క్యాబినెట్ ముందు నుంచి గాలిని లోపలికి లాగుతుంది, బయటికి పోయే గాలిని వడకడుతుంది. అందుకే అది శాంపిల్‌నూ మిమ్మల్నీ కూడా కాపాడుతుంది. ధర తక్కువని లామినార్ కొని దాన్నే "క్యాబినెట్" అని పిలిచే ల్యాబులున్నాయి. పేరు మార్చినంత మాత్రాన గాలి దిక్కు మారదు.

క్యాబినెట్‌ను తలుపు ఎదురుగా, ఏసీ కింద, ఫ్యాను కింద పెట్టొద్దు. పని మొదలుపెట్టే ముందు కనీసం ఐదు నిమిషాలు నడవనివ్వండి. లోపల బర్నర్ వెలిగించొద్దు, వేడి గాలి ఆ ప్రవాహాన్ని చెడగొడుతుంది. ముందు జాలీ మీద నోటుబుక్కు పెట్టి రాసుకునే అలవాటు అందరికీ ఉంటుంది, అది మానండి. ఏడాదికోసారి సర్టిఫికేషన్ చేయించండి.

కరెంటు సంగతి కూడా ఆలోచించుకోవాలి. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, ఆ క్షణం నుంచి అది మామూలు పెట్టె. యూపీఎస్ ఉంటే సరే. లేకపోతే ట్యూబులకు మూతలు పెట్టి చేతులు మెల్లగా బయటికి తీసుకోండి. కరెంటు వచ్చాక మళ్లీ ఐదు నిమిషాలు ఆగి మొదలుపెట్టండి. ఈ ఒక్క మాట గోడ మీద రాసి అంటించినా చాలు.

4వ అడుగు: హైపో లెక్క, హైపోతో ప్రమాదం

సీసా మీద ఉన్న శాతాన్ని మీకు కావలసిన శాతంతో భాగించి ఒకటి తీసేయండి. వచ్చినన్ని పాళ్లు నీళ్లు కలపాలి. 5 శాతం హైపో నుంచి 1 శాతం కావాలంటే ఒక పాలు హైపోకు నాలుగు పాళ్లు నీళ్లు. 10 శాతం అయితే తొమ్మిది పాళ్లు. రోజూ కొత్తగా కలుపుకోవాలి. మన ఎండకు, మూత తీసి ఉంచిన సీసాలో క్లోరిన్ ఎంత నిలుస్తుందో చెప్పలేం. సీసా తెరిచిన తేదీ, గడువు తేదీ మార్కరుతో పెద్దగా రాయండి.

గడువు అంటే నవ్వేవాళ్లకు లాంజౌ కథ చెప్పండి. చైనాలోని ఆ ఊళ్లో 2019 జులై, ఆగస్టు నెలల్లో పశువులకు బ్రూసెల్లా (పశువుల నుంచి మనుషులకూ సోకే బ్యాక్టీరియా) వ్యాక్సిన్ తయారుచేసే ఒక ఫ్యాక్టరీ గడువు దాటిన క్రిమిసంహారకం వాడింది. బయటికి వదిలే గాలి పూర్తిగా శుద్ధి కాలేదు. బ్యాక్టీరియా గాలివాటున పక్కనే ఉన్న పశువైద్య పరిశోధన సంస్థ దాకా వెళ్లింది. తర్వాతి ఏడాది పరీక్షల్లో 10,000 మందికి పైగా పాజిటివ్ వచ్చారు. అదేమీ మహా రహస్య ల్యాబు కాదు, ఒక సరుకు తయారుచేసే ఫ్యాక్టరీ.

శాంపిల్ ఒలికితే ఇలా చేయండి. పక్కవాళ్లను గదిలోంచి పంపండి. గ్లోవ్స్, మాస్క్ వేసుకుని ఒలికిన దాని మీద టిష్యూ లేదా గుడ్డ పరచండి. దాని మీద అంచుల నుంచి మధ్యకు 1 శాతం హైపో పోయండి. అరగంట ఆగండి. తర్వాత ఎత్తి పసుపు సంచిలో వేయండి, గాజు ముక్కలుంటే చేత్తో కాదు, చిమటాతో తీయండి. సెంట్రిఫ్యూజ్‌లో ట్యూబు పగిలిందనిపిస్తే మోటారు ఆపి, మూత తీయకుండా అరగంట వదిలేయాలి. మన కంగారు వల్ల తప్పు జరిగేది ఇక్కడే. టక్కున మూత తీసి చూస్తాం.

ఇప్పుడు అసలు ప్రమాదం. ఆర్ఎన్ఏ, డీఎన్ఏ తీసే కిట్లలో చాలావాటి లైసిస్ బఫర్లో (కణాలను పగలగొట్టే ద్రవంలో) గ్వానిడిన్ థయోసయనేట్ ఉంటుంది. దానికి హైపో తగిలితే విషవాయువులు పుడతాయి, వాటిలో సయనైడ్ రకం కూడా ఉంటుంది. "ఏ వ్యర్థమైనా హైపో బకెట్లో వేయి" అని నేర్పిన ల్యాబుల్లో ఈ బఫర్లు కూడా అందులోకే పోతుంటాయి. కిట్ వ్యర్థాలకు వేరే సీసా, దాని మీద వేరే రంగు స్టిక్కరు పెట్టండి. హైపోలో నానిన వాటిని ఆటోక్లేవ్‌లో కూడా పెట్టొద్దు, క్లోరిన్ లేస్తుంది.

5వ అడుగు: "చంపేశాం" అన్న మాటను పరీక్షించండి

2004లో బీజింగ్‌లో సార్స్ (కోవిడ్‌కు ముందు వచ్చిన కరోనా వైరస్ జబ్బు) మళ్లీ తలెత్తింది. 2003 నాటి వ్యాప్తి ముగిశాక ఇది ల్యాబు నుంచి వచ్చింది. సార్స్ వైరస్‌ను నిర్జీవం చేశామనుకుని భద్రత ఎక్కువున్న గది నుంచి మామూలు గదికి తెచ్చారు. నిజంగా చచ్చిందో లేదో సరిగా పరీక్షించలేదు. అక్కడ పనిచేసిన ఇద్దరికి సోకింది, వారి నుంచి మరికొందరికి పాకింది. మొత్తం తొమ్మిది కేసులు. సోకిన పరిశోధకురాలి తల్లి చనిపోయింది.

ఆటోక్లేవ్ విషయంలో మనం రోజూ చేసే తప్పు ఇలాంటిదే. విజిల్ వచ్చింది, ముల్లు 15 పౌండ్ల మీద నిలబడింది, అయిపోయిందనుకుంటాం. సంచిని మూతి బిగించి కుక్కి పెడితే ఆవిరి లోపలికి పోదు. మధ్యలో ఉన్నది వేడెక్కుతుంది గానీ చావదు. సంచి మూతి వదులుగా ఉంచండి, మూడొంతులకు మించి నింపొద్దు. బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు, 2016 ప్రకారం మామూలు గ్రావిటీ ఆటోక్లేవ్‌లో వ్యర్థాలకు 121 డిగ్రీలు, 15 పౌండ్ల పీడనం, 60 నిమిషాలు ఉండాలి. మీడియాకు పెట్టే 15 నిమిషాలు వ్యర్థాలకు చాలవు. ప్రతి విడతలో ఇండికేటర్ స్ట్రిప్ పెట్టి దాన్ని రిజిస్టర్లో అతికించండి. వారానికోసారి జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ బీజాల స్ట్రిప్‌ను సంచి నడుమ పెట్టి తీసి పెంచి చూడండి. ఏమీ పెరగకపోతేనే మీ ఆటోక్లేవ్ పనిచేసినట్టు.

కల్చర్ ప్లేట్లు, రక్తం శాంపిల్స్ ముందు మీ దగ్గరే శుద్ధి చేసి ఆ తర్వాతే వ్యర్థాల వ్యానుకు ఇవ్వాలి. "వ్యానువాడు చూసుకుంటాడు" అన్నది నిబంధనలకు విరుద్ధం.

6వ అడుగు: పీసీఆర్‌లో అబద్ధపు పాజిటివ్, అబద్ధపు ధైర్యం

2020 జూన్‌లో బార్సిలోనా శాస్త్రవేత్తలు 2019 మార్చి నాటి మురుగునీటి శాంపిల్లో కోవిడ్ వైరస్ ఆనవాళ్లు దొరికాయన్నారు. వూహాన్ కన్నా తొమ్మిది నెలల ముందు! ప్రపంచమంతా గగ్గోలు. ఆ తర్వాత దాన్ని బలపరిచే శాంపిల్ ఇంకొకటి రాలేదు. పీసీఆర్ పని తెలిసినవాళ్లకు మొదట తట్టేది కంటామినేషనే. ఒక్క ట్యూబు మూత తీస్తే గాల్లోకి లేచే డీఎన్ఏ నకళ్లు తర్వాతి శాంపిల్‌ను పాజిటివ్ చేయడానికి చాలు.

అందుకే పని ఒకే దిక్కులో సాగాలి. మిక్స్ కలిపే చోటు, శాంపిల్ నుంచి డీఎన్ఏ తీసే చోటు, నకళ్లు పెరిగే యంత్రం, జెల్ నడిపే చోటు వేర్వేరు గదుల్లో ఉండాలి. గదులు లేకపోతే కనీసం వేర్వేరు మూలల్లో. వెనక గది నుంచి ముందు గదికి పిపెట్ రాకూడదు, కోటు రాకూడదు, రిపోర్టు కాగితం కూడా రాకూడదు. ఫిల్టర్ టిప్స్ వాడండి. ప్రతి రన్నులో ఏమీ కలపని నీళ్ల ట్యూబు ఒకటి పెట్టండి. అది పాజిటివ్ వస్తే ఆ రోజు రిపోర్టులన్నీ ఆపేయాలి. రైతు బయట బండి మీద కూర్చుని ఫోన్ చేస్తూనే ఉన్నా సరే, ఆపేయాలి.

నెగెటివ్ గురించి కూడా రైతుకు ముందే చెప్పండి. లక్షల రొయ్య పిల్లల్లోంచి 150 తీసి పరీక్షిస్తాం. ఆ ట్యాంకులో నూటికి రెండు పిల్లలకు వైరస్ ఉంటే, 150లో కనీసం ఒకటి మనకు చిక్కే అవకాశం నూటికి 95. నూటికి ఒకటో అరో ఉంటే జారిపోవచ్చు. "నెగెటివ్" అంటే "ఈ శాంపిల్లో దొరకలేదు" అని అర్థం, రిపోర్టులో ఆ మాట అలాగే రాయండి. వూహాన్ విషయంలోనూ చైనాలో 80,000కు పైగా జంతు శాంపిల్స్ పరీక్షించారు, ఒక్కటీ పాజిటివ్ రాలేదు. వినడానికి బలంగా ఉంటుంది. కానీ మార్కెట్లో అమ్మిన బతికున్న రకూన్ డాగ్‌ల (నక్క జాతి జంతువుల) నుంచి ఆ సమయంలో తీసిన శాంపిల్స్ బయటపెట్టిన లెక్కల్లో లేవు. చూడాల్సిన గుంటను వదిలేసి ఊరంతా చూసినట్టయింది.

7వ అడుగు: మనిషి

హెపటైటిస్-బి టీకా మూడు డోసులు పూర్తికాకుండా ఎవరినీ రక్తం తీసే పనిలో పెట్టొద్దు. సూది గుచ్చుకుంటే పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, సబ్బు నీళ్లతో కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం ఉండదు. ఓనరు తిడతాడన్న భయంతో దాచేవాళ్లే ఎక్కువ. ఆ భయాన్ని పోగొట్టాల్సింది ఓనరే.

సిబ్బందిలో ఎవరికి జ్వరం వచ్చినా తేదీతో రాయండి. 1978లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హాంలో జానెట్ పార్కర్ అనే ఫోటోగ్రాఫర్ మశూచితో చనిపోయింది. ప్రపంచంలో ఆ జబ్బుతో పోయిన చివరి మనిషి ఆమె. ఆమె పనిచేసే గది మశూచి ల్యాబుకు పై అంతస్తులో ఉండేది. వైరస్ గాలి గొట్టం గుండా వెళ్లిందని మొదట విచారణ చెప్పింది, తర్వాత కోర్టులో ఆ మాట నిలబడలేదు. ల్యాబు నుంచే వచ్చిందని అందరూ ఒప్పుకున్నా ఏ దారిన వచ్చిందో ఇప్పటికీ తేలలేదు. మీ జాబితాలో ఊడ్చే మనిషిని, ఏసీ బాగుచేసే కుర్రాణ్ని, మేడ మీద అద్దెకున్నవాళ్లను కూడా లెక్కలో పెట్టుకోండి.

8వ అడుగు: రిజిస్టరు, ఫ్రీజరు

నా దృష్టిలో మిగతా అడుగులన్నిటికన్నా బరువైనది ఇదే. 2003 సెప్టెంబరులో సింగపూర్‌లో వెస్ట్ నైల్ వైరస్ మీద పనిచేస్తున్న ఒక విద్యార్థికి సార్స్ వచ్చింది. అతను సార్స్‌ను ముట్టుకోలేదు. విచారిస్తే, అతను వాడిన వెస్ట్ నైల్ శాంపిల్లో సార్స్ వైరస్ కలిసిపోయి ఉంది. ఆ ల్యాబులో రికార్డులు సరిగా లేవని నిపుణుల బృందం తప్పుపట్టింది. 2014లో అమెరికాలో ప్రభుత్వ ఆవరణలోని ఒక పాత కోల్డ్ రూములో దశాబ్దాల నాటి మశూచి సీసాలు అట్టపెట్టెలో దొరికాయి. అవి అక్కడున్నట్టు ఎవరికీ తెలియదు. 1977లో ప్రపంచమంతా పాకిన హెచ్1ఎన్1 ఫ్లూ జన్యువులు 1950ల నాటి వైరస్‌తో దాదాపు సరిపోయాయి. ఇరవై ఏళ్లు ఏ మార్పూ లేకుండా ప్రకృతిలో తిరగడం జరగదు. అది ఎక్కడో ఫ్రీజర్లోంచి వచ్చిందని చాలామంది శాస్త్రవేత్తల నమ్మకం. ఏ ఫ్రీజరన్నది మాత్రం తేలలేదు.

రిజిస్టర్లో ఏముండాలి? శాంపిల్ నంబరు, వచ్చిన తేదీ, గంట, ఎవరు తెచ్చారు, ఏ స్థితిలో వచ్చింది. కావలి నుంచో ఉదయగిరి నుంచో బస్సులో థర్మోకోల్ పెట్టెలో వస్తే ఐసు కరిగిందా లేదా రాయండి. ఎవరు తెరిచారు, ఏ కిట్, ఏ లాట్ నంబరు, నీళ్ల ట్యూబు ఫలితం ఏమిటి, మిగిలిన శాంపిల్ ఏ పెట్టెలో ఏ గడిలో ఉంది, ఎప్పుడు ఎవరు పారేశారు. పెన్నుతోనే రాయాలి. తప్పు పడితే ఒక్క గీత గీసి పక్కన సంతకం పెట్టాలి, తెల్ల రంగు పూయకూడదు. కంప్యూటర్లో పెట్టుకున్నా రోజూ ఒక ప్రింటు తీసి కుట్టండి. వ్యర్థాల రికార్డులు ఐదేళ్లు దాచాలని నిబంధనలే చెప్తున్నాయి, మిగతావీ అంతకాలం ఉంచితే పోయేదేం లేదు.

పిల్ల బ్యాచి నుంచి కొంత ఆల్కహాల్లో వేసి, సీలు చేసి, రైతు చేత, హేచరీ మనిషి చేత లేబుల్ మీద సంతకం పెట్టించి పంట చేతికొచ్చేదాకా దాచండి. ఫ్రీజర్లో కొద్దిగా చోటు, ఒక మార్కరు పెన్ను. దీనికయ్యే ఖర్చు ఇంతే.

9వ అడుగు: ఇప్పుడు వూహాన్ గురించి చదవండి

ఈ పనులన్నీ చేసినవాళ్లకు ఆ వార్తలు వేరేగా కనపడతాయి. ఎవరు చెప్పారన్నది పక్కనపెట్టి, ఏ రకం ఆధారం అని అడగండి. ఆధారాలు ఎక్కువగా మూడు రకాలు: తొలి రోగులు ఎక్కడున్నారు, వైరస్ జన్యువులు ఏం చెప్తున్నాయి, ల్యాబు లేదా జంతువుల రికార్డులు ఏమున్నాయి.

రోగుల పటం చూద్దాం. 2019 డిసెంబరు నాటి కేసుల ఇళ్లను పటం మీద పెడితే హువానన్ మార్కెట్ చుట్టూ గుమిగూడాయి, మార్కెట్‌తో సంబంధం లేనివారివి కూడా. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఈ అధ్యయనం జంతువుల వాదానికి గట్టి మద్దతు. మార్కెట్ చుట్టూనే వెతికారు కాబట్టి అక్కడే దొరికారని అవతలివాళ్లు అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చిలో నెల్లూరులోనే తేలింది, అతను ఇటలీ నుంచి వచ్చాడు. ప్రయాణం గురించి అడిగి రాసుకున్నారు కాబట్టి వైరస్ పెన్న ఒడ్డున పుట్టిందని ఎవరూ అనలేదు. మొదట పట్టుబడ్డ కేసు, మొదట సోకిన కేసు ఒకటే కానక్కర్లేదు.

జన్యువుల దగ్గరికొస్తే, వూహాన్ ల్యాబు దగ్గరున్న ఆర్ఏటీజీ13 అనే గబ్బిలాల వైరస్ కోవిడ్ వైరస్‌తో 96.2 శాతం సరిపోతుంది. వాట్సాప్‌లో ఇదే పెద్ద సాక్ష్యంగా తిరిగింది. మొత్తం జన్యువులో దాదాపు 30,000 అక్షరాలుంటే తేడా వెయ్యికి పైనే అవుతుంది. అంటే రెండూ దశాబ్దాల కిందట విడిపోయిన దాయాదులు. తండ్రీకొడుకులని చెప్పడానికి లేదు. 2021లో లావోస్ గబ్బిలాల్లో దొరికిన బానల్-52 ఇంకా కాస్త దగ్గర, 96.8 శాతం. ఫ్యూరిన్ కోత స్థానం గురించి కూడా విని ఉంటారు, వైరస్ మన కణాల్లోకి చొరబడటానికి సాయపడే చిన్న భాగం అది. దగ్గరి చుట్టాల్లో లేకుండా ఈ వైరస్‌లోనే ఉంది కాబట్టి మనిషి చేర్చాడని ఒక వాదం. మెర్స్ లాంటి ఇతర కరోనా వైరస్‌లలో సహజంగానే ఉంది కదా అని రెండో వాదం. 2018లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థకు ఇలాంటి కోత స్థానాల గురించి ఒక ప్రతిపాదన వెళ్లిందని, డబ్బు మంజూరు కాలేదని 2021లో బయటపడింది. అది అనుమానాన్ని పెంచింది, కానీ పని జరిగిందనడానికి సాక్ష్యం కాదు. రెండు పక్షాలూ తమకే అనుకూలమని చెప్పుకోగల ఆధారం దేన్నీ తేల్చదు. పిర్‌బ్రైట్‌లో దొరికినట్టు "ఈ రకం ఈ ఫ్రీజర్లోనే ఉండేది" అన్న రుజువు వూహాన్‌లో ఇంతవరకు లేదు. సార్స్‌కు పునుగు పిల్లుల్లో దొరికినట్టు వైరస్ సోకిన జంతువు కూడా దొరకలేదు.

మూడో రకం దగ్గర అంతా ఖాళీ. మార్కెట్‌ను 2020 జనవరి 1న మూసి శుభ్రం చేశారు. శాంపిల్స్ తీశారు గానీ జంతువులు వెళ్లిపోయాయి. ల్యాబు వైరస్ జాబితా డేటాబేస్ 2019 సెప్టెంబరు నుంచి బయటివారికి అందడం లేదు. హ్యాకింగ్ భయమని వారి జవాబు. 2021లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, చైనా ఉమ్మడి నివేదిక ల్యాబు ప్రమాదాన్ని "అత్యంత అసంభవం" అంది. అది విడుదలైన రోజే ఆ సంస్థ అధిపతి టెడ్రోస్ అన్ని అవకాశాలూ చూడాల్సిందే అన్నారు. అమెరికా గూఢచారి సంస్థల్లో కొన్ని ల్యాబు వైపు, కొన్ని జంతువుల వైపు మొగ్గాయి. 2025 జనవరిలో సీఐఏ ల్యాబు వైపు మొగ్గుతూనే తన నమ్మకం తక్కువ స్థాయిదని చెప్పింది. శీర్షికల్లో ఆ రెండో ముక్క ఎగిరిపోతుంది. 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం, చేతిలో ఉన్న ఆధారాల బరువు జంతువుల వైపే ఉందని, అడిగిన సమాచారం చైనా ఇవ్వనందున ల్యాబు మాటను కొట్టేయలేమని చెప్పింది. నేను కూడా అక్కడే నిలబడతాను. అంతకు మించి గట్టిగా చెప్పేవాళ్లను మూడో రకం ఆధారం చూపించమనండి.

10వ అడుగు: రైతు గుమ్మంలోకి వచ్చినప్పుడు

గొంతు పెంచొద్దు, "మా రిపోర్టు తప్పయ్యే ప్రసక్తే లేదు" అనొద్దు. కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. రిజిస్టరు తీసి ఆ రోజు పేజీ, నీళ్ల ట్యూబు ఫలితం చూపించండి. ఫ్రీజర్లోంచి సీలు వేసిన శాంపిల్ తీసి, సంతకాలు చూపించి, ఆయన ఎదురుగానే రెండు భాగాలు చేయండి. ఒకటి మళ్లీ సీలు చేసి ఆయన చెప్పిన వేరే ల్యాబుకు పంపండి, ఖర్చు మీరే పెట్టుకోండి. రెండోది మీ దగ్గరే ఉంచండి. గుంటలో చచ్చిన రొయ్యలు, గట్టు మీది పీతలు, కాలువ నీటిలోని చిన్న రొయ్యలు కూడా అదే రోజు తెమ్మనండి. మందులు చల్లి గుంట శుభ్రం చేశాక తెచ్చిన శాంపిల్‌తో లాభం లేదని ముందే చెప్పండి. పిల్లలోనే ఉన్నట్టు రెండో ల్యాబులో తేలితే రాతపూర్వకంగా ఒప్పుకుని, అదే బ్యాచి కొన్న మిగతా రైతులకు ఆ సాయంత్రమే ఫోన్లు చేయండి.